సిస్టర్ రోజెట్టా పుట్టినరోజు ఎప్పుడు?

ఏటా అక్టోబరు 9 రాత్రి ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌కి ఎదురుగా, సముద్రంలోని ఒక చిన్న దీవి మీంచి వెలుగు స్తంభం ఒకటి నిటారుగా ఆకాశంలోకి లేస్తుంది. దాని పేరు ఇమాజిన్ పీస్ టవర్. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ 1940లో లివర్‌పూల్‌లో పుట్టిన తారీఖు అది. భార్య యోకో ఓనో 2007లో ఆ దీపాన్ని ఆయన జ్ఞాపకార్థం వెలిగించింది. అప్పటినుంచి ఏటా అక్టోబరు 9న వెలిగి, డిసెంబరు 8 దాకా రాత్రుళ్లు వెలుగుతూనే ఉంటుంది. 1980లో న్యూయార్కులో, సొంత ఇంటి గుమ్మం దగ్గరే లెనన్‌ని కాల్చి చంపింది డిసెంబరు 8న. జయంతికీ వర్ధంతికీ మధ్య ఉన్న రెండు నెలలనీ వెలుగుతో కలిపారన్నమాట.

అదే అక్టోబరు 9న, 1973లో, అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సిస్టర్ రోజెట్టా థార్ప్ అనే గాయని కన్నుమూసింది. వయసు 58. ఎల్విస్ ప్రెస్లీ మైకు ముందుకి రాకముందే, లెనన్ పుట్టకముందే, చేత గిటారు పట్టుకుని న్యూయార్కు వేదికల్ని ఊపేసిన మనిషి. ఆమెని పాతిపెట్టిన చోట ముప్ఫై ఏళ్లకి పైగా పేరు చెక్కిన రాయి కూడా లేదు.

రాక్ అండ్ రోల్ ప్రపంచానికి తారీఖులంటే తీరని మోజు. ఎవరు ఎప్పుడు పుట్టారు, ఏ పాట ఏ రోజున రికార్డయింది, ఏ విమానం ఏ రాత్రి కూలింది అన్నీ అభిమానులకి కంఠోపాఠం. రేడియోలు ఆ రోజుకి తగ్గ పాటలు వేస్తాయి, ఊళ్లు ఉత్సవాలు చేస్తాయి, కంపెనీలు పాత రికార్డుల్ని కొత్త అట్టల్లో పెట్టి అమ్ముతాయి. ఈ తారీఖుల పట్టికని కాస్త నిదానంగా చదివితే ఒక సంగతి బయటపడుతుంది. ఏ రోజు పండుగ చేసుకోవాలో నిర్ణయించినవాళ్లే, ఆ సంగీతం ఎవరిదో కూడా చాలాకాలం నిర్ణయించారు.

అసలు రాక్ అండ్ రోల్ ఎప్పుడు పుట్టింది? ఎక్కువమంది చెప్పే తేదీ 1954 జులై 5. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరం, 706 యూనియన్ ఎవెన్యూ, సన్ స్టూడియో. యజమాని శామ్ ఫిలిప్స్. అద్దానికి అవతల ముగ్గురే ఉన్నారు: ఒక ఎలక్ట్రికల్ కంపెనీలో లారీ నడుపుకునే 19 ఏళ్ల ఎల్విస్, గిటారు మీద స్కాటీ మూర్, నిలువెత్తు బేస్ మీద బిల్ బ్లాక్. డ్రమ్ములు లేవు. సాయంత్రమంతా నెమ్మది పాటలు ప్రయత్నించారు, ఒక్కటీ కుదరలేదు. విరామంలో ఎల్విస్ ఉన్నట్టుండి ఒక పాత బ్లూస్ పాట ఎత్తుకుని గంతులేశాడు. మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఫిలిప్స్ తలుపులోంచి తల బయటపెట్టి, ఇదేంటో మళ్లీ మొదట్నుంచి కానివ్వండన్నాడు. ఆ పాట ‘దట్స్ ఆల్ రైట్’. ఆ నెల 19న రికార్డు బజారులోకి వచ్చింది. 2004లో మెంఫిస్ నగరం ఆ జులై 5నే లెక్కపెట్టుకుని రాక్ అండ్ రోల్ స్వర్ణోత్సవం చేసింది.

ఆ పాట ఎల్విస్‌ది కాదు. మిసిసిపీకి చెందిన నల్లజాతి బ్లూస్ గాయకుడు ఆర్థర్ క్రూడప్ రాసి, 1946లోనే రికార్డు చేసిన పాట. ఆ పాట కోట్లమందికి చేరాక కూడా క్రూడప్‌కి రావలసిన రాయల్టీ చేతికి రాలేదు. పొలాల్లో కూలి చేసుకుంటూ, న్యాయం కోసం తిరుగుతూ 1974లో పోయాడు. ఆయన రికార్డు చేసిన రోజుకి స్వర్ణోత్సవం జరగాలంటే 1996లో జరగాలి.

పోనీ అదే స్టూడియో గదిని తీసుకుందాం. ఎల్విస్ రావడానికి మూడేళ్ల ముందు, 1951 మార్చిలో, ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌కి కారులో వచ్చింది. దారిలో గిటారు యాంప్లిఫయర్ దెబ్బతింది. కొత్తది కొనే స్తోమత లేదు, మరమ్మతుకి టైము లేదు. శామ్ ఫిలిప్స్ చిరిగిన స్పీకరులోకి కాగితాలు కుక్కాడు. గిటారు శబ్దం బొంగురుపోయి, బరబరలాడుతూ వచ్చింది. ఆ బరబరే బాగుందని అలాగే రికార్డు చేశారు. జాకీ బ్రెన్‌స్టన్ పాడిన ఆ ‘రాకెట్ 88’ అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. తర్వాతి తరాల రాక్ గిటారిస్టులు ఆ బొంగురు శబ్దం కోసమే ప్రత్యేక యంత్రాలు కొనుక్కున్నారు. చాలామంది చరిత్రకారులకి మొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదే. ఇంకొందరు 1949 డిసెంబరులో న్యూ ఆర్లీన్స్‌లో ఫాట్స్ డామినో రికార్డు చేసిన ‘ది ఫాట్ మాన్’ దగ్గరికి వెళ్తారు. ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ సంగతి వేరు. బిల్ హేలీ దాన్ని 1954 ఏప్రిల్ 12న పాడాడు. అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మరుసటి ఏడాది ‘బ్లాక్‌బోర్డ్ జంగిల్’ అనే సినిమా మొదట్లో ఆ పాట మోగేసరికి దేశమంతా ఊగిపోయింది.

పుట్టుక తేదీల మీద ఇంత పేచీ ఉన్నా, దుఃఖం తేదీ మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

1959 ఫిబ్రవరి 3. ఆ చలికాలం బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, బిగ్ బాపర్‌గా పేరుబడ్డ జె.పి. రిచర్డ్‌సన్ కలిసి అమెరికా మధ్య రాష్ట్రాల్లో ఊరూరా పాడుతూ తిరుగుతున్నారు. 24 రోజుల్లో 24 ఊళ్లు. దూరాలు చూసుకోకుండా వేసిన కార్యక్రమం. బస్సులో హీటరు పనిచేయదు. బయట సున్నాకి దిగువ చలి. డ్రమ్మరు కార్ల్ బంచ్ కాళ్లకి మంచు కొరికి ఆసుపత్రిలో చేరాడు. అయోవా రాష్ట్రం క్లియర్ లేక్ ఊళ్లోని సర్ఫ్ బాల్‌రూమ్‌కి చేరేసరికి హాలీకి విసుగొచ్చింది. మాసిన బట్టలు ఉతికించుకోవాలి, ఒక్క రాత్రయినా పక్క మీద పడుకోవాలి. చిన్న విమానం ఒకటి మాట్లాడాడు. మనిషికి 36 డాలర్లు, పైలట్ కాక ముగ్గురికే చోటు.

హాలీ పక్కన బేస్ వాయించే వేలన్ జెన్నింగ్స్ తన సీటుని, జ్వరంతో ఉన్న బిగ్ బాపర్‌కి ఇచ్చేశాడు. మిగిలిన సీటు కోసం గిటారిస్టు టామీ ఆల్సప్, వాలెన్స్ బొమ్మా బొరుసూ వేసుకున్నారు. వాలెన్స్ గెలిచాడు. అర్ధరాత్రి దాటాక విమానం లేచింది. మబ్బూ మంచూ కమ్మిన రాత్రిలో కేవలం పరికరాలు చూసి నడిపే అర్హత 21 ఏళ్ల పైలట్‌కి లేదు. కొన్ని నిమిషాల్లోనే విమానం పొలాల్లో పడింది, తెల్లవారాక గానీ ఎవరూ చూడలేదు. నలుగురూ పోయారు. హాలీకి 22, వాలెన్స్‌కి 17, రిచర్డ్‌సన్‌కి 28. గర్భంతో ఉన్న హాలీ భార్య మరియా ఎలీనాకి ఆ కబురు టీవీ వార్తల్లో తెలిసింది.

హాలీ కళ్లజోడు మంచులో పడి, కరిగాక దొరికింది. అధికారులు దాన్ని కవరులో పెట్టి జిల్లా కోర్టు కట్టడంలో దాచారు, తర్వాత అందరూ మర్చిపోయారు. 1980లో ఎవరో పాత ఫైళ్లు వెతుకుతుంటే బయటపడింది. ఇప్పుడు టెక్సస్‌లోని ఆయన సొంతూరు లబక్‌లో, ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. కూలిన చోటికి వెళ్లే దారి మొదట్లో నల్లటి ఫ్రేముతో మనిషంత కళ్లజోడు బొమ్మ నిలబెట్టారు. సర్ఫ్ బాల్‌రూమ్‌లో 1979 నుంచి ఏటా సంస్మరణ కచేరీలు జరుగుతున్నాయి. ఆ రోజుని సంగీతం చనిపోయిన రోజు అనడం మాత్రం తర్వాత వచ్చింది. 1971లో డాన్ మెక్లీన్ ‘అమెరికన్ పై’ పాటలో అలా అనేవరకూ ఆ పేరు లేదు. పాటే తారీఖుకి పేరు పెట్టింది.

హాలీ ప్రపంచానికి పరిచయమైంది 1957లో. అంటే ఏడాదిన్నర పైచిలుకు మాత్రమే వెలిగాడు. ఆ కొద్దికాలంలోనే సొంత పాటలు తామే రాసుకుని, రెండు గిటార్లూ బేస్, డ్రమ్ములతో వాయించే బృందం ఎలా ఉండాలో చూపించిపోయాడు. లివర్‌పూల్‌లో కుర్రాళ్లుగా ఉన్న లెనన్, పాల్ మెకార్ట్‌నీ 1958లో తమ జేబు డబ్బులు పోగేసి చేయించుకున్న మొట్టమొదటి రికార్డు హాలీ పాటే. అందుకే మెకార్ట్‌నీ 1976లో లండన్‌లో బడ్డీ హాలీ వారోత్సవం మొదలుపెట్టాడు, అదీ ఫిబ్రవరిలో కాదు, హాలీ పుట్టిన సెప్టెంబరు 7 నాటికి. చావు తేదీ కన్నా పుట్టిన తేదీని ఎంచుకోవడంలో మెకార్ట్‌నీ మంచితనం కనిపిస్తుంది.

రాక్ సంగీతంలో చావు తేదీల మీద ఒక జబ్బులాంటి మోజు కూడా ఉంది. జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్, జిమ్ మారిసన్, కర్ట్ కొబేన్, ఏమీ వైన్‌హౌస్ అందరూ 27వ ఏట పోయారు కాబట్టి ఆ వయసు శాపమని నమ్మేవాళ్లున్నారు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2011లో వచ్చిన అధ్యయనం ఆ లెక్క తేల్చింది. 27కి ప్రత్యేక గండమేమీ లేదు. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్న పేరున్న సంగీతకారులకి అకాల మరణం ముప్పు మామూలు జనం కన్నా ఎక్కువ, అంతే. మత్తుమందులకీ ఒంటరితనానికీ బలైనవాళ్లని అంకెల మాయగా చూడటం వాళ్లకి చేసే గౌరవం కాదు.

పుట్టినరోజుల్లో జనవరి 8కి సాటి లేదు. 1935లో ఆ రోజున మిసిసిపీలోని టుపెలోలో, తండ్రి కట్టిన రెండు గదుల ఇంట్లో ఎల్విస్ పుట్టాడు. అతనితోపాటు పుట్టిన కవల సోదరుడు ప్రాణం లేకుండా పుట్టాడు. పన్నెండేళ్ల తర్వాత అదే తేదీన లండన్‌లో డేవిడ్ బౌవీ పుట్టాడు. బౌవీకి ఆ కలయిక అంటే గర్వం. 2016లో తన 69వ పుట్టినరోజున ‘బ్లాక్‌స్టార్’ అనే ఆల్బమ్ విడుదల చేశాడు. అభిమానులు పాటలు విని అర్థం చెప్పుకుంటూ ఉండగానే, రెండు రోజుల తర్వాత, క్యాన్సర్‌తో పోయాడు. జబ్బు సంగతి లోకానికి అప్పుడే తెలిసింది. పాటల అర్థం అప్పుడు మారిపోయింది.

మన దేశానికీ ఈ పట్టికలో చోటుంది. బ్రిటన్ తొలి రాక్ అండ్ రోల్ తారల్లో ఒకడైన క్లిఫ్ రిచర్డ్ 1940 అక్టోబరు 14న లక్నోలో పుట్టాడు. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బల్సారా. 1946 సెప్టెంబరు 5న జాంజిబార్‌లో పార్సీ ఇంట పుట్టి, మహారాష్ట్రలోని పంచగని హాస్టల్లో చదువుకున్నాడు. ఆ బడిలోనే పియానో వాయిస్తూ మొదటి బృందంలో చేరాడు.

సరే, రోజెట్టా దగ్గరికి వద్దాం.

ఆమె పుట్టింది 1915 మార్చి 20న. ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే ఊరు. పేరుకి తగ్గట్టే పత్తి పండే నేల. తల్లి కేటీ బెల్ నూబిన్ పత్తి ఏరేది, మాండలిన్ వాయించేది, చర్చిలో పాడుతూ బోధించేది. వాళ్లు వెళ్లే చర్చిలో దేవుడి పాటకి చేతులు చరిచేవారు, కాళ్లతో నేల దద్దరిల్లేలా గంతులేసేవారు. నాలుగు దెబ్బల తాళంలో రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద చప్పట్లు పడేవి. తర్వాత రాక్ అండ్ రోల్‌లో డ్రమ్మరు కొట్టేది అదే. రోజెట్టా ఆరేళ్లకే గిటారు పట్టి తల్లితో ఊరూరా తిరిగింది.

1938లో న్యూయార్కు చేరి డెక్కా కంపెనీకి పాటలిచ్చింది. ఒక పక్క కాటన్ క్లబ్‌లో తాగుతూ తింటూ వినే జనం ముందు, ఇంకో పక్క కార్నెగీ హాల్లో. దేవుడి పాటల్ని క్లబ్బులో పాడుతుందా అని చర్చివాళ్లకి కోపం. ఆడది గిటారు వాయించడమేమిటని మిగతావాళ్లకి విడ్డూరం. ఆమె ఇద్దరి మాటా వినలేదు. 1944లో శామీ ప్రైస్ పియానోతో ‘స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే’ రికార్డు చేసింది. మరుసటి ఏడాది అది నల్లజాతి సంగీతానికి విడిగా ఉన్న బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి వెళ్లింది. పియానో ఉరుకు, మధ్యలో తీగలు వంచుతూ గిటారు చేసే అల్లరి, మాట మాటకీ జవాబిచ్చే బృందం ఉన్న ఆ పాటని విన్నవాళ్లు రాక్ అండ్ రోల్ 1954లో పుట్టిందంటే ఒప్పుకోవడం కష్టం.

1947లో జార్జియాలోని మేకన్‌లో కచేరీకి ముందు, ఆడిటోరియం దగ్గర ఒక కుర్రాడు ఆమె పాటల్ని ఆమెకే పాడి వినిపించాడు. ఆమె వాణ్ణి వేదిక మీదకి పిలిచి పాడించింది, డబ్బులు కూడా ఇచ్చింది. వాడే తర్వాతి కాలంలో రాక్ అండ్ రోల్ తార లిటిల్ రిచర్డ్.

1951 జులై 3న ఆమె చేసిన పని మరే తార చేసి ఉండదు. వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ బేస్‌బాల్ స్టేడియంలో టికెట్లు పెట్టి పెళ్లి చేసుకుంది. దాదాపు 25 వేలమంది డబ్బు కట్టి వచ్చారు. పెళ్లి అయ్యాక, పెళ్లిబట్టల్లోనే గిటారు అందుకుని కచేరీ ఇచ్చింది. డెక్కా కంపెనీ పెళ్లి ప్రమాణాలతో సహా రికార్డు చేసి అమ్మింది.

ఎల్విస్ తరం వచ్చాక అమెరికాలో ఆమెకి పిలుపులు తగ్గాయి. అదృష్టం కొద్దీ ఐరోపా పిలిచింది. 1964లో మాంచెస్టర్‌లో ఒక టీవీ సంస్థ, వాడకంలో లేని రైల్వే స్టేషనులో కచేరీ పెట్టింది. జనం ఒక ప్లాట్‌ఫారం మీద, కళాకారులు ఎదుటి ప్లాట్‌ఫారం మీద, మధ్యలో పట్టాలు. రోజెట్టా గుర్రపు బండిలో వచ్చి దిగింది. వాన కురిసి వెలిసింది, నేలంతా తడి. పొడవాటి కోటు, పైన తెల్లటి ఎలక్ట్రిక్ గిటారు. వానకి తగ్గ పాటే ఎత్తుకుంది, నోవహు జలప్రళయం పాట. తీగల మీద ఆమె వేళ్లు నడిచే తీరు చూస్తే, ఆనాటి ఇంగ్లండు కుర్రాళ్లు నోరు తెరుచుకుని చూసి ఉంటారనిపిస్తుంది. ఆ దృశ్యం ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు.

1970లో పక్షవాతం, తర్వాత మధుమేహంతో కాలు తీసేశారు. అయినా పాడింది. మళ్లీ రికార్డింగుకి వెళ్లబోతూ ఉండగానే పోయింది. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ మొదటి జాబితా ప్రకటించినప్పుడు అందులో ఎల్విస్, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్, బడ్డీ హాలీ సహా పదిమంది గాయకులో బృందాలో ఉన్నారు. ఒక్క స్త్రీ లేదు. మొదటి రికార్డు వచ్చి పాతికేళ్లు నిండితే ఆ గౌరవానికి అర్హత వస్తుందన్నది అక్కడి నియమం. రోజెట్టాకి ఆ పాతికేళ్లు 1963లోనే నిండాయి. 1992లో గాయకుడు జానీ క్యాష్ ఆ వేదిక మీద తను అభిమానించినవాళ్లలో ఆమె పేరు చెప్పాడు. అయినా ఆమెని లోపలికి తీసుకోవడానికి 2018 దాకా పట్టింది.

ఈలోపు సమాధి సంగతి అభిమానులే చూసుకున్నారు. 2007లో గేల్ వాల్డ్ రాసిన జీవితచరిత్ర వచ్చాక జనంలో కదలిక వచ్చింది. 2008 జనవరి 11న నిధుల కోసం కచేరీ చేశారు. ఆ రోజుని పెన్సిల్వేనియా గవర్నరు సిస్టర్ రోజెట్టా థార్ప్ దినంగా ప్రకటించాడు. ఆ డబ్బుతో నార్త్‌వుడ్ శ్మశానంలో ఆమె పేరున్న రాయి నిలబడింది. తిరువయ్యూరులో పాడుబడిన త్యాగరాజస్వామి సమాధికి బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ము ఖర్చుపెట్టి మందిరం కట్టించిన కథ తెలిసినవాళ్లకి ఇలాంటి పని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇలాంటి బాకీ ఇంకొకటి ఉంది. 1926లో, రెండు నెలల తేడాతో, ఇద్దరు గాయకులు పుట్టారు. అక్టోబరు 18న సెయింట్ లూయిస్‌లో చక్ బెర్రీ, డిసెంబరు 11న అలబామాలో బిగ్ మామా థార్న్‌టన్. ‘హౌండ్ డాగ్’ పాటని మొదట పాడింది థార్న్‌టన్, 1952 ఆగస్టులో. ఏడువారాలు రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన పాట అది. నాలుగేళ్ల తర్వాత ఎల్విస్ పాడాక ఆమె పేరు జనానికి గుర్తు లేకుండా పోయింది. బెర్రీ 1986లోనే, తొలి జాబితాలోనే హాల్ ఆఫ్ ఫేమ్‌కి చేరాడు. థార్న్‌టన్‌కి ఆ పిలుపు 2024లో వచ్చింది, ఆమె పోయిన నలభై ఏళ్లకి.

2026 ఇద్దరికీ శతజయంతి సంవత్సరం. బెర్రీ గిటారు ఎలాగూ మోగుతుంది, మోగాలి కూడా. డిసెంబరు 11న ‘హౌండ్ డాగ్’ వేసే ప్రతి రేడియో ఆ రోజుకైనా థార్న్‌టన్ గొంతులోనే వేయాలి.